చుక్కల పట్టీ, పన్నెండు బోర్డులు

మార్చి 3, సోమవారం

కోళ్ళాయన పెట్టె పంపాడు. పన్నెండు బోర్డులు, పన్నెండు ఉష్ణోగ్రత సెన్సర్లు. ఎలా వాడాలో చెప్పే కాగితం ముక్క ఒక్కటి కూడా లేదు. కోడిగుడ్లు పొదిగించే పెట్టెలు తయారుచేస్తాడు కాబట్టి నాకు ఆయన కోళ్ళాయన. ఫోన్లో మాత్రం ఇంక్యుబేటర్లు అనాలి, లేకపోతే చిన్నబుచ్చుకుంటాడు. ఒక్కో పెట్టెలో ఒక్కో బోర్డు కూర్చుని, వేడి తగ్గితే అరవాలి. పద్దెనిమిదో తేదీకల్లా పన్నెండూ అరవాలి.

ఉద్యోగంతో పాటు కంపెనీ లాప్‌టాప్ కూడా పోయింది. ఇక ఇంట్లో మిగిలింది అక్క కంప్యూటర్. ఒప్పందం ఏమిటంటే పొద్దుటి నుంచి భోజనం దాకా నాది, భోజనం తర్వాత అక్కది. అందులో లినక్స్ వేసింది నేనే. అక్కకి చూపు పోయిన కొత్తలో, తెర మీదున్నది చదివి వినిపించే గొంతు అందులో ఊరికే వస్తుందని వేశాను.

కానీ అక్కకి గొంతు చాలదు. ఇరవైరెండేళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి. ఒత్తు పోయినా, కామా పోయినా చెవికి తెలియదు, వేలికి తెలుస్తుంది. అందుకని చూపు లేనివాళ్ళ సంఘం నుంచి వచ్చే మేడం ఒక బ్రెయిలీ యంత్రం వాడుకోమని ఇచ్చింది. మూరెడు పొడవు, నలభై గడులు. తెర మీద లైను మారితే గడుల్లో చుక్కలు లేస్తాయి, దిగుతాయి. అక్క దాన్ని చుక్కల పట్టీ అంటుంది.

ఇరవై ఎనిమిదిన ప్రెస్సులో పరీక్ష. పదిహేను పేజీలు, రెండు గంటలు. అంటే పేజీకి ఎనిమిది నిమిషాలు. ఇవాళ అక్కకి పన్నెండు పట్టింది. ఎనిమిదికి దిగితే కుర్చీ ఉంటుంది, లేకపోతే మేనేజరు ఇంకొకర్ని తీసుకుంటాడు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానో తెలియదు. కొత్త నోటుబుక్కు కదా, మొదటి నుంచీ రాయాలనిపించింది.

మార్చి 4, మంగళవారం

బోర్డు గుచ్చాను. ఎర్ర లైటు వెలిగింది. కంప్యూటర్‌లో మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. ఇంకో బోర్డు, అదే. ఇంకోటి, అదే. పన్నెండూ పాడైనవే పంపాడని కోళ్ళాయనని తిట్టుకున్నాను.

"ఎవర్ని రా పొద్దుటి నుంచి తిడుతున్నావ్?" అంది అక్క వంటింట్లోంచి.

"బోర్డుని. పలకట్లేదు."

"నీ నోటికి జడిసి పలకట్లేదేమో. కాస్త మర్యాదగా అడిగి చూడు."

అడగలేదు.

మార్చి 5, బుధవారం

తప్పు కేబుల్‌ది. అది ఫోన్ ఛార్జింగ్ కేబుల్. కరెంటు మోస్తుంది, మాట మోయదు. రోజున్నర పోయింది. ఈ రంగంలో నాకు పదిహేడేళ్ళ అనుభవం.

అక్కకి చెప్పలేదు.

చెప్పాను. పది నిమిషాలు నవ్వింది.

మార్చి 6, గురువారం

కేబుల్ మార్చాక కంప్యూటర్‌కి బోర్డు వచ్చినట్టు తెలుస్తోంది. బోర్డుతో మాట్లాడటానికి లినక్స్ ఒక తలుపు తెరుస్తుంది, దాన్ని పోర్టు అంటారు. ఆ పోర్టు కనిపిస్తోంది. ముట్టుకోబోతే నీకు అనుమతి లేదంది. అనుమతి ఉన్నవాళ్ళ గుంపులో నా పేరు చేర్చి, కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టాను. ఈసారి అనుమతి ఉంది, పోర్టు లేదు. ఒక్క సెకను కనిపించి మాయమవుతోంది. తీసి గుచ్చితే మళ్ళీ ఒక సెకను. ముప్ఫై సార్లు తీసి గుచ్చాను. వేలికి బొబ్బ లేచింది.

మార్చి 7, శుక్రవారం

పోర్టు లేదు. కేబుల్ మార్చాను, పోర్టు లేదు. వెనక గుచ్చాను, ముందు గుచ్చాను, పోర్టు లేదు.

కోళ్ళాయన ఫోను. "సార్, ఎక్కడిదాకా వచ్చింది పని?"

"తలుపు దాకా వచ్చిందండీ."

"ఇంకేం, అయిపోయినట్టే!" అన్నాడు పాపం.

మార్చి 9, ఆదివారం

అక్క పేజీని తొమ్మిది నిమిషాల్లో చదివింది! ఆరు రోజుల్లో పన్నెండు నుంచి తొమ్మిదికి. సంఘం వాళ్ళు ఇచ్చిన పాఠంలోనే రెండు తప్పులు పట్టుకుంది. "వీళ్ళ పుస్తకం ఎవరు దిద్దారో కానీ, నిద్రలో దిద్దినట్టున్నారు" అని మేడంకి ఫోన్ చేసి మరీ చెప్పింది. ఏడో గడిలో ఒక చుక్క అప్పుడప్పుడు ఇరుక్కుంటోందట. అయినా ఫర్వాలేదంది, అక్కడ ఏముంటుందో తనకి అలవాటైపోయిందట.

సాయంత్రం వీధి చివరి దాకా కర్ర పట్టుకుని ఒక్కతే వెళ్ళి రొట్టె కొనుక్కొచ్చింది. నేను వెనకాలే వెళ్ళాను. తనకి తెలిసిపోయింది. "చెప్పులు ఈడ్చుకుంటూ వస్తే ఎవరికి తెలియదురా, దొంగా" అంది.

చాలా రోజులకి సంతోషంగా ఉంది.

మార్చి 10, సోమవారం

పనిచేసింది!

దీనికి మందు ఇంటర్నెట్‌లో ఒక ఫోరమ్‌లో దొరికింది. నాలాగే ఏడుస్తున్నవాళ్ళు ఎంతమందో. పదకొండుమంది ఒకటే చెప్పారు. లినక్స్‌తో పాటే వచ్చే ఒక ప్రోగ్రామ్ ఉంది, బోర్డులోని చిప్‌ని చూసి తనదే అనుకుని లాగేసుకుంటుంది, దాన్ని తీసిపారేయండి అని. ఒకే ఒక్క కమాండ్. దాని కింద వరసగా "బతికించావు", "మూడు రోజులుగా చస్తున్నాను" అని దండాలు. ఆ ప్రోగ్రామ్ దేనికోసమో చదవలేదు. ఎవరికీ అక్కర్లేనిదేనట.

కమాండ్ కొట్టాను, పాస్‌వర్డ్ అడిగింది, ఇచ్చాను. రెండు నిమిషాలు. బోర్డు గుచ్చాను. పోర్టు వచ్చింది. యాభై వరకు లెక్కపెట్టాను, కదల్లేదు. ప్రోగ్రామ్ ఎక్కించాను, ఎక్కింది. తెర మీద 31.4 పడింది. సెన్సర్‌ని గుప్పిట్లో పట్టుకుంటే 33 దాటింది. అరిచినట్టున్నాను, అక్క గోడ పట్టుకుని పరుగున వచ్చింది.

"ఏమైంది రా?"

"మాట్లాడింది!"

"ఎవరు?"

"బోర్డే!"

"హమ్మయ్య. షాక్ కొట్టిందేమోనని హడలిపోయాను" అని, నా తల ఎక్కడుందో వెతికి మరీ ఒక్కటి వేసింది.

మధ్యాహ్నం అక్క కూర్చుంటే పట్టీలో చుక్కలు లేవలేదు. పాత యంత్రం. ఏడో గడి ముందు నుంచే ఇబ్బంది పెడుతోంది కదా. రేపు చూస్తానన్నాను.

మార్చి 11, మంగళవారం

మూడు బోర్డులు పూర్తి. పట్టీ లేవలేదు. పాత యంత్రం.

మార్చి 12, బుధవారం

ఐదు బోర్డులు. సెన్సర్లని బట్టలారేసే తాడుకి క్లిప్పులతో వేలాడదీశాను. గది చూడటానికి తమాషాగా ఉంది.

"నేనే ఏదో నొక్కి ఉంటాను రా" అంది అక్క. "మొన్న ఎడమ పక్కనున్న బటన్ మీద చెయ్యి పడింది. అప్పటినుంచే అనుకుంటా."

"అలా ఏం కాదులే. అది పాతదైపోయింది."

"ఒక్కసారి చూడవూ."

"చూశానక్కా."

చూడలేదు.

మార్చి 13, గురువారం

సంఘం మేడం వచ్చి పట్టీని రిపేరుకి తీసుకెళ్ళింది. వారం పడుతుందట. అక్క దాన్ని తన శాలువాలో చుట్టి ఇచ్చింది. "ఎలాగూ పట్టీ లేదు కదా, మధ్యాహ్నం కూడా నువ్వే కూర్చో, పని తొందరగా తెములుతుంది" అంది నాతో.

కూర్చున్నాను. ఏడు బోర్డులు.

మార్చి 14, శుక్రవారం

మేడం పట్టీకి బదులుగా అట్టల పుస్తకం ఒకటి ఇచ్చి వెళ్ళింది, చిన్నపిల్లలు బ్రెయిలీ నేర్చుకునేది. అక్క కిటికీ దగ్గర కూర్చుని దాన్నే తడుముతోంది. "ఇది నాలుగోసారి రా. ఆవు ఇంకా గడ్డి దగ్గరే ఉంది. కాస్త కదిలితే బాగుండు."

నవ్వాను.

తొమ్మిది బోర్డులు.

మార్చి 15, శనివారం

పన్నెండూ లేచాయి. ఇప్పుడు పన్నెండింటినీ వరసగా కలిపి మూడు రోజులు ఆపకుండా నడపాలి, మధ్యలో ఎవరైనా నోరు మూస్తారేమో చూడాలి. ఈ మూడు రోజులూ కంప్యూటర్‌లో ఏదీ కదపకూడదు. ఏదైనా తిరిగి పెట్టడాలు, తీయడాలు ఇప్పుడు కుదరవు. ఎలాగూ పట్టీ ఇక్కడ లేదు. అక్కడ మంచి మెకానిక్ ఉంటాడు. ఏడో గడి కూడా బాగుచేస్తాడు. ఒకరకంగా మంచిదే అయింది.

మార్చి 16, ఆదివారం

అక్క భోజనం దగ్గర టేబుల్ అంచు మీద వేళ్ళు ఆడిస్తోంది. ఏమిటంటే, "వేళ్ళు మొద్దుబారకుండా" అంది.

మార్చి 18, మంగళవారం

డెబ్భైరెండు గంటలు. ఒక్క బోర్డు కూడా నోరు మూయలేదు. పెట్టెలో సర్ది ఇచ్చివచ్చాను. కోళ్ళాయన నా ముందే ఒకటి బిగించి, పెట్టె తలుపు తీసి పట్టుకున్నాడు. వేడి తగ్గింది, అరిచింది. ఆయన కూడా అరిచాడు. వచ్చే వారం ఇంకో ఇరవై పంపుతాడట. "మీలాంటి మనిషి కోసమే చూస్తున్నాను సార్" అన్నాడు.

ఆరు నెలలుగా ఎవరూ అలాంటి మాట అనలేదు. బస్సులో కూర్చుని నాలో నేనే నవ్వుకున్నాను.

మార్చి 19, బుధవారం

పట్టీ వచ్చింది. లోపమేమీ లేదట. వాళ్ళ దగ్గర గుచ్చగానే పనిచేసిందట. అలాగని కాగితం మీద రాసి, సంతకం పెట్టి మరీ ఇచ్చారు.

పొద్దున ఏడింటికే ఆ ప్రోగ్రామ్‌ని తిరిగి పెట్టేశాను. మధ్యాహ్నం మేడం వచ్చేసరికి అంతా మామూలే. అక్క కూర్చుంది, గుచ్చింది, చుక్కలు లేచాయి.

"లేచాయి రా! ఏం చేశావ్?"

"వెనకాల గుచ్చే చోట వదులుగా ఉంది. బిగించాను."

"మా తమ్ముడు చెయ్యి పెడితే చాలు మేడం, ఏదైనా దారికి రావాల్సిందే" అంది అక్క. మేడం నన్ను చూసి దండం పెట్టింది. నేనూ పెట్టాను.

పేజీకి పద్నాలుగు నిమిషాలు.

మార్చి 21, శుక్రవారం

పదమూడు. తొమ్మిదిన తొమ్మిది ఉండేది.

"అక్కడ బాగానే పనిచేసిందంటే యంత్రం తప్పు కాదు. నువ్వు బిగించావు కాబట్టి ఇక్కడ వైరు తప్పు అనుకున్నా, ఇప్పుడు చేతులు ఎందుకు రావట్లేదు? చేతులకే ఏదో అయింది" అంది అక్క. షుగర్ ఉన్నవాళ్ళకి వేళ్ళు తిమ్మిరెక్కి స్పర్శ పోతుందట. కళ్ళు కూడా దానివల్లే కదా పోయాయి. డాక్టరుకి చూపించుకుంటానంది.

అలవాటు తప్పింది, అంతే అన్నాను. నాలుగు రోజుల్లో వచ్చేస్తుందన్నాను. ఇందులో అబద్ధం లేదు.

మార్చి 22, శనివారం

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. అక్క కళ్ళు ముయ్యాల్సిన అవసరం లేదు కదా అని డాక్టరే నవ్వి, పిన్నుతో ఒక్కో వేలు గుచ్చి అడిగాడు. "ఇక్కడ?" "తెలుస్తోంది." "ఇక్కడ?" "తెలుస్తోంది." పది వేళ్ళూ గుచ్చాడు. నేను పక్కన కుర్చీలో కూర్చున్నాను. వేళ్ళు బాగానే ఉన్నాయన్నాడు.

"అయితే బుర్రకి వయసు మీద పడింది" అంది అక్క దారిలో.

మార్చి 24, సోమవారం

ఇరవై బోర్డుల పెట్టె వచ్చింది. గుచ్చాను. పోర్టు ఒక్క సెకను ఉండి పోయింది. తెలిసిందే.

పొద్దున కూర్చోగానే ఆ ప్రోగ్రామ్ తీసేశాను, భోజనానికి లేచేముందు తిరిగి పెట్టాను. తీయడానికి రెండు, పెట్టడానికి రెండు, మొత్తం నాలుగు నిమిషాల పని.

పేజీకి పదకొండు.

మార్చి 25, మంగళవారం

తిరిగి పెట్టడం మరిచిపోయాను. కోళ్ళాయన ఫోన్లో పట్టుకున్నాడు, అటునుంచి అటే భోజనానికి వెళ్ళిపోయాను. తిని బాల్కనీలో నిలబడ్డాను. నలభై నిమిషాల తర్వాత లోపలికి వస్తే అక్క కుర్చీలో కూర్చుని ఉంది, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని.

"మళ్ళీ పోయింది రా. ఈసారి నేనేమీ నొక్కలేదు. ఒట్టు. ఏ బటనూ ముట్టుకోలేదు."

"నాకు తెలుసక్కా."

"నన్ను పిలవాల్సింది" అని కూడా అన్నాను.

"నీ పని చెడగొట్టడం ఎందుకని."

కాఫీ పెట్టుకురమ్మని పంపి, ఆ రెండు నిమిషాల పని చేసేశాను.

మార్చి 27, గురువారం

తొమ్మిది. ఒక పేజీ మాత్రం ఎనిమిదిన్నర.

రేపే.

మార్చి 28, శుక్రవారం

పదమూడు పేజీలు. రెండు మిగిలాయి.

చదివిన పదమూడింట్లో ఒక్క తప్పు కూడా వదల్లేదు. మేనేజరు స్వయంగా సరిచూశాడు. మంచి మనిషే. కాగితాలు పక్కన పెట్టి అడిగాడు. "మేడం, ఇంకో రెండు వారాలు సాధన చేస్తే మీరు అందుకుంటారని నాకు అనిపిస్తోంది. కానీ ఊరికే గడువు పెంచితే పైవాళ్ళు ఒప్పుకోరు. మధ్యలో మీ యంత్రం ఏమైనా ఇబ్బంది పెట్టిందా? పెట్టిందంటే చెప్పండి, అది రాసి రెండు వారాలు ఇస్తాను. సోమవారం దాకా ఈ ఫైలు నా దగ్గరే ఉంటుంది."

అక్క సంచిలోంచి సంఘం వాళ్ళ కాగితం తీసి ఇచ్చింది.

"లేదు సార్. యంత్రంలో లోపం లేదని వాళ్ళే రాసిచ్చారు. లేనిది ఉందని నేనెలా చెప్పను? నా చేతులే సార్."

నేను ఆ గదిలోనే ఉన్నాను. తలుపు పక్క కుర్చీలో, అక్క కర్ర పట్టుకుని.

మార్చి 29, శనివారం

ఇరవై బోర్డుల్లో ఆరు పూర్తి.

మార్చి 30, ఆదివారం

పదో తేదీన రాసింది అబద్ధం. ఆ ప్రోగ్రామ్ దేనికోసమో చదివాను. పదకొండుమందిలో మూడోవాడు రాశాడు. "ఇది చూపు లేనివాళ్ళు వాడే బ్రెయిలీ యంత్రాల కోసం పెట్టింది. నీకు కళ్ళున్నాయిగా, పీకి పారెయ్." పక్కన నవ్వుతున్న బొమ్మ. రెండుసార్లు చదివాను. అవును, నాకు కళ్ళున్నాయి అనుకున్నాను. కంప్యూటర్ నాది కాదన్నది కూడా అనుకున్నాను. భోజనం లోపల తిరిగి పెట్టేద్దామనుకున్నాను. తర్వాత బోర్డు మాట్లాడింది, ఇక ఆ ఊపులో దేన్నీ కదపబుద్ధి కాలేదు.

అంటే పదో తేదీ మధ్యాహ్నం చుక్కలు లేవనప్పుడే నాకు తెలుసు. పాత యంత్రం అని రాసినప్పుడు తెలుసు. శాలువాలో చుట్టి పంపినప్పుడు తెలుసు. డాక్టరు పిన్నుతో గుచ్చుతున్నప్పుడు కూడా.

ఈ నోటుబుక్కు ఎప్పుడూ టేబుల్ మీదే పడి ఉంటుంది. తీసి దాచేది కూడా లేదు, ఇంట్లో చదవగలిగేవాళ్ళు ఎవరూ లేరు. అలాంటి పుస్తకంలో ఎవర్ని మభ్యపెట్టడానికి అబద్ధం రాశానో.

సిగ్గుగా ఉంది. ఇదొక్కటీ సరిగ్గా రాస్తున్నాను.

ఇవాళ ఫోరమ్‌లో ఆ పేజీ మళ్ళీ తీశాను. ఈసారి అడుగుదాకా వెళ్ళాను. పదకొండుమంది తర్వాత పన్నెండో మనిషి ఉన్నాడు. "దయచేసి తీసేయకండి. నాకు చూపు లేదు, ఈ ప్రోగ్రామే నాకు తెర. ఏయే చిప్‌లు బ్రెయిలీ యంత్రాలవో చెప్పే జాబితా ఒకటి ఇందులో ఉంటుంది. మీ బోర్డు చిప్ ఉన్న లైను ఒక్కటి తీసేస్తే రెండూ పనిచేస్తాయి" అని రాసి, ఏ ఫైల్లో ఎన్నో లైనో కూడా ఇచ్చాడు. ఆ జవాబుకి ఒక్క ఓటూ లేదు. రాసి మూడేళ్ళయింది.

మార్చి 31, సోమవారం

పొద్దున టిఫిన్ దగ్గర చెప్పాలనుకున్నాను. తిన్నాక చెబుదామనుకున్నాను. గిన్నెలు కడిగాక. అక్క ప్రెస్సులోంచి తెచ్చుకోవాల్సిన వస్తువులు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటోంది. డ్రాయర్‌లో నిఘంటువు, కళ్ళజోడు పెట్టె, గ్లాసు. "కళ్ళజోడు ఎందుకులే, అక్కడే ఉండనీ" అంది.

అప్పుడు చెప్పాను. నిలబడే చెప్పాను. మొదట ప్రోగ్రామ్, చిప్, జాబితా అంటూ మొదలెట్టాను. అక్క చెయ్యెత్తి ఆపింది.

"నీ చిప్పుల గోల నాకు తెలియదు. తెలుగులో చెప్పు."

"పట్టీ ఆగిపోవడానికి కారణం నేను. నా బోర్డుల కోసం దాన్ని ఆపాను. ఆగిందని తెలిసి కూడా తొమ్మిది రోజులు అలాగే ఉంచాను."

"బిగించానన్నావు."

"ఏమీ బిగించలేదు."

"మొన్న మంగళవారం?"

"అదీ నేనే."

వంటింట్లో కుళాయి సరిగ్గా కట్టలేదు, ఆ చుక్కల చప్పుడు వినిపిస్తోంది. లేచి కట్టాలో వద్దో తెలియలేదు.

"కళ్ళు పోతాయని డాక్టరు చెప్పిన రోజు కూడా నేనింత భయపడలేదు రా" అంది చివరికి. గొంతు పెంచలేదు. "అది జబ్బు, నా చేతుల్లో లేదు అనుకున్నాను. ఈ పది రోజులూ నా చేతులే నన్ను మోసం చేశాయనుకున్నాను. పడుకునేముందు గోడకి రాసుకుని చూసుకునేదాన్ని, తెలుస్తున్నాయా లేదా అని. నువ్వు పక్క గదిలోనే ఉన్నావు."

"అక్కా..."

"మాట్లాడకు. ఫోన్ తియ్యి. మేనేజరుకి నువ్వే చెప్పు. నేను వింటాను."

స్పీకర్ పెట్టి చెప్పాను. ఆయనకి మొదట అర్థం కాలేదు. "అంటే యంత్రం బాగానే ఉంది, కంప్యూటర్ పాడైందంటారా?" అన్నాడు. కంప్యూటర్ కూడా బాగానే ఉందండీ, నేను కావాలనే ఆపాను అన్నాను. ఎన్ని రోజులని అడిగాడు. పదో తేదీ నుంచి పంతొమ్మిది దాకా, ఇరవై ఐదున ఇంకో నలభై నిమిషాలు అని చెప్పాను. అదంతా రాసి, సంతకం పెట్టి, సాయంత్రంలోపు తెచ్చి ఇమ్మన్నాడు. అక్కకి ఏప్రిల్ పద్నాలుగు దాకా గడువిచ్చాడు. పెట్టేసేముందు, "మీరు ఆరోజు గదిలోనే ఉన్నారు కదండీ" అన్నాడు.

ఉన్నానన్నాను.

కోళ్ళాయనకి కూడా చేశాను. మిగిలిన పద్నాలుగు బోర్డులు పద్నాలుగో తేదీ దాటాకే అన్నాను. గుడ్లు ఆగవు కదండీ అన్నాడు. ఆగకపోతే వేరే ఎవరికైనా ఇచ్చుకోమన్నాను. ఆలోచించి చెబుతానన్నాడు.

అక్క లేచి కంప్యూటర్ ముందు కూర్చుంది. పట్టీ మీద చేతులు పెట్టింది. పొద్దుట పూట తనక్కడ కూర్చోవడం ఇదే మొదలు.

"నీ బోర్డూ, నా పట్టీ, రెండూ కలిసి పనిచేసే దారి లేదా?" అంది, నా వైపు తిరక్కుండా.

"ఉంది."

"ఎప్పటినుంచి ఉంది?"

"మొదటి నుంచీ."

"ఎంతసేపు పడుతుంది?"

ఇంకో మాటేదైనా దొరుకుతుందేమోనని చూశాను. దొరకలేదు.

"ఇరవై నిమిషాలు."

అక్క వేళ్ళు పట్టీ మీద అలాగే ఆగిపోయాయి. ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు. తిడుతుందేమో అనుకున్నాను, అదీ లేదు. కుర్చీ వెనక్కి జరిపి లేచింది.

"కూర్చో. చెయ్యి."

కూర్చున్నాను. పక్కనే నిలబడింది, పట్టీ మీది చెయ్యి తియ్యకుండా. ఆ జాబితా తెరిచాను, పన్నెండో మనిషి చెప్పిన లైను వెతికి తీసేశాను, బోర్డు గుచ్చాను. పోర్టు వచ్చింది, నిలబడింది. అక్క చేతికింద చుక్కలు పడిపోలేదు. నేను కొడుతున్న ప్రతి అక్షరమూ అక్క వేళ్ళ కింద లేస్తోంది.

పద్దెనిమిది నిమిషాలు పట్టింది. అక్క అడగలేదు, నేనే చెప్పాను.